తొలికాన్పు – ప్రసవలక్షణ జ్ఞానము

తొలికాన్పు పుట్టినింట జరుగుట మనలో తరతరములనుండి వచ్చుచున్న యాచారము. సీమంతమైన పిదప కూతును తోడ్కొని వచ్చెదరు. తల్లి మెత్తని పాతచీరలను ఉతికి మడిచి పెట్టును. అమ్మమ్మ కాయమునకు కావలసిన దినుసులను సేకరించును. తండ్రి ఏ వేళనైనను రాగల బండిని మాటలాడి యుంచును. ఇన్ని సన్నాహములు జరుగుచున్నను, నొప్పులెట్లు మొదలగునో, మొదలైనవని తా నెట్లు గుర్తింపవలెనో ఆ పిల్లకు చెప్పువారు మాత్రము అరుదు. ఆమెయే నోరు తెరచి యడిగినను "అప్పుడు నీకే తెలుస్తుందిలే" యని నవ్వి ఊరకుందురు.

ఈ మాట రెండవ కాన్పునకు కొంత చెల్లునేమో కాని తొలికాన్పునకు చెల్లదు. ఎన్నడును అనుభవింపని దానిని గుర్తించుట ఎవరికిని సాధ్యము కాదు. ప్రసవము సమీపించినప్పుడు కనబడు గుర్తులు మానవజాతికి నిన్న నేడు తెలిసినవి కావు. రెండువేల యేండ్లకు దగ్గరగా గ్రంథములలో నున్నవి. కాని ఆ జ్ఞానము వైద్యునికి చేరినది, మంత్రసానికి చేరినది, అత్తకు, అమ్మకు చేరినది. ఎవరి దేహమున ఆ గుర్తులు పుట్టునో ఆమెకు మాత్రము చివరకు గాని చేరలేదు. ఈ చరిత్రమును ఒకమారు తిరిగి చూచినచో మనము చేయవలసినది స్పష్టపడును.

ఆయుర్వేద సంహితలలో చరక సుశ్రుతములు రెండును శారీరస్థానమున ఈ విషయమును చర్చించినవి. సుశ్రుతము రెండు దశలను వేరుచేసి చూపినది. కడుపు సడలి, గుండెను బిగించిన కట్టు వీడినట్లు తోచి, కటిప్రదేశమున నొప్పి పుట్టిన స్త్రీ ప్రసవింపనున్నదని యెరుగవలెను. నడుమును వీపును చుట్టుకొని నొప్పి వచ్చుచు, మాటిమాటికి మలమూత్రములకు పోవలెనని తోచుచు, జిగురు స్రవించినచో ప్రసవము సమీపించినదని యెరుగవలెను. చరకము ఇంకను విరివిగా చెప్పినది: అవయవముల బడలిక, ముఖము వాడుట, కన్నులు సడలుట, రొమ్మున ముడి విడినట్లుండుట, కడుపు క్రిందికి దిగుట, అధోభాగమున బరువు, గజ్జలయందును నడుమునందును ప్రక్కలయందును వీపునందును పోట్లు, స్రావము, అన్నముపై విముఖత. ఇవి ముందు; పిమ్మట "ఆవి" యను నొప్పులు పుట్టుట, గర్భోదకము స్రవించుట. గర్భోదక మనగా మన యిండ్లలో ఉమ్మనీ రనునదియే.

నేటి వైద్యముతో ఈ వర్ణనను పోల్చి చూచినచో ఆశ్చర్యము కలుగును. రొమ్మున ముడి విడినట్లుండుట కవికల్పన కాదు. బిడ్డ తల కటివలయములోనికి దిగగానే ఊపిరితిత్తుల క్రింది ఒత్తిడి తగ్గి, అంతవరకు ఆయాసపడుచున్న గర్భిణి సుఖముగా శ్వాస పీల్చును. తొలిచూలాండ్రకు ఈ మార్పు సాధారణముగా ప్రసవమునకు రెండు మొదలు నాలుగు వారములకు ముందే కనబడును. తరువాతి కాన్పులలో తరచుగా నొప్పులతో గాని కనబడదు. దిగిన తల మూత్రాశయమును ఒత్తుటచే మాటిమాటికి మూత్రమునకు పోవలెనని తోచును. జిగు రనునది తొమ్మిది నెలలు గర్భాశయముఖమును మూసి కాచిన బిరడా వంటి పదార్థము. ఆ ముఖము మెత్తబడి తెరచుకొనుట కారంభింపగా అది జారి పడును.

చరకమున ఇంకొక చర్చ కలదు. నొప్పులు వచ్చియు ప్రసవము కానిచో ఆ స్త్రీచేత రోకలి పట్టించి రోటిలోని ధాన్యమును దంపింపవలెననియు, నడుమ నడుమ ఆవులించుచు నడచుచుండవలెననియు కొందరు చెప్పుచుండిరట. ఆత్రేయుడు ఆ దంపుటను నిషేధించెను. గర్భిణికి కఠినమైన వ్యాయామము ఎప్పుడును తగదు. ప్రసవకాలమున దేహమంతయు చలించియుండగా రోకలిపోటువలన రేగిన వాయువు ప్రాణములను తీయవచ్చునని హేతువు చూపెను. నడకను, ఆవులింతను మాత్రము అంగీకరించెను. నొప్పి రానప్పుడు ముక్కరాదనియు, ముక్కినచో శ్రమ వ్యర్థమగుటయేకాక బిడ్డకును చెరుపు కలుగుననియు ఆ గ్రంథమే హెచ్చరించినది. తొలినొప్పి రాగానే "ముక్కవే, ముక్కు" మని పిల్లను తొందరపెట్టి, అసలు సమయమునకు ఆమెయందు సత్తువ లేకుండ చేసిన పురుటిగదు లెన్నో! ఆ తొందర శాస్త్రము కాదు. శాస్త్రమును మరచిన తరువాత వచ్చిన అలవాటు.

సూతికాగారమును తొమ్మిదవ నెలకు ముందే కట్టింపవలెననియు, తొమ్మిదవ నెలలో శుభదినము చూచి గర్భిణి యందు ప్రవేశించి ప్రసవకాలమునకై ఎదురుచూచుచుండవలెననియు, పెక్కుమారులు ప్రసవించినట్టియు స్నేహశీలలైనట్టియు స్త్రీలు ఆమె చెంత నుండవలెననియు చరకమున నున్నది. చదువరులు ఒక్క విషయమును గమనింపవలెను. ముహూర్తము గృహప్రవేశమునకు, ప్రసవమునకు కాదు. ప్రసవము తన గుర్తులతో తాను వచ్చువరకు వేచియుండుటయే విధి. ఈ సంగతి మరల చెప్పవలసివచ్చును.

కాలక్రమమున ఈ జ్ఞానము రెండుగా చీలినది. గ్రంథము వైద్యుని యింట నిలిచినది. ఆయన పురుటిగది గడప దాటువాడు కాడు. అనుభవము మంత్రసాని చేతులలో నిలిచినది. ఆమెకు గ్రంథము చదువు అవకాశము సంఘ మీయలేదు. తక్కువ కులముదని ఆమెను వాకిట నిలిపి, అక్కరపడినప్పుడు ఆమె చేతులలోనే మన బిడ్డలను పెట్టితిమి. పని తీరగానే మైల యని దూరముగా నుంచితిమి. ఈ యిద్దరి నడుమ నున్న తొలిచూలాలు అనేక కుటుంబములలో ఇంకను బాలికయే. బాలికల వివాహమునకు 14 ఏండ్లు నిండవలెనని విధించిన శారదాశాసనము 1929లో గాని పుట్టలేదు. ఆట వదలని పిల్లకు తన దేహములో జరుగుచున్న దేమో చెప్పుట సిగ్గుచేటని పెద్ద లనుకొనిరి. చెప్పకుండ ఆ కష్టమున త్రోయుట సిగ్గుచేటని అనుకొనరైరి.

ఈ లోపము మన దేశమునదే యనుకొనరాదు. 1601 సెప్టెంబరు 27వ తేదీన ఫ్రాన్సు రాణి మరీ ద మెదిచీ తన తొలిబిడ్డను కన్నది. అతడే పిదప పదుమూడవ లూయీ రాజయ్యెను. ఆమెకు పురుడు పోసిన మంత్రసాని లూయీజ్ బూర్జ్వా ఆ ప్రసవవృత్తాంతమును స్వయముగా వ్రాసి యుంచినది. నొప్పులు ఇంచుమించు 22 గంటలు సాగినవి. దేశమునకు రాణియైనను, చుట్టును వైద్యులున్నను, తొలికాన్పు తన కాలమును తాను తీసికొనక మానలేదు. బూర్జ్వా 1609లో ప్రసూతివిషయమై తన గ్రంథమును అచ్చు వేయించినది. పురుషులే గ్రంథములు వ్రాయుచున్న కాలమున అనుభవము గల స్త్రీ కలము పట్టుట ఐరోపాలోను గొప్ప సంగతియే.

నిజమైన నొప్పికిని దొంగనొప్పికిని గల భేదమునకు శాస్త్రీయమైన ఆధారము ఇంకను ఆలస్యముగా దొరకినది. ఇంగ్లాండు వైద్యుడు జాన్ బ్రాక్‌స్టన్ హిక్స్ 1872లో ప్రకటించిన వ్యాసమున, గర్భాశయము ప్రసవకాలమున మాత్రమే కాక గర్భకాలమందంతటను అప్పుడప్పుడు బిగిసి సడలుచుండునని నిరూపించెను. మన పెద్దలు దొంగనొప్పు లనునవి చాలవరకు ఇవియే. 1955లో అమెరికా వైద్యుడు ఇమాన్యుయేల్ ఫ్రీడ్‌మన్ 500 మంది తొలిచూలాండ్ర ప్రసవములను గీతలుగా గీచి చూపెను. గర్భాశయముఖము మెల్లమెల్లగా మెత్తబడు తొలిదశ దీర్ఘమైనదనియు, అటుపిమ్మట వేగము హెచ్చుననియు ఆ గీతలవలన తేలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల ప్రకారము ముఖము 5 సెంటీమీటర్లు తెరచుకొన్న తరువాతనే ప్రసవము వేగదశ నందుకొన్నట్లు. ఆ దశ తొలికాన్పులో సాధారణముగా 12 గంటలకు మించదు. దానికి ముందటి దశకు మాత్రము అందరికి నొకే కొలత లేదు.

మన ప్రాంతమున వైద్యశాలలు వచ్చిన క్రమమును సంక్షేపముగా చెప్పెదను. మదరాసులో ప్రసూతివైద్యశాల 1844లో వెలసినది. స్త్రీలకు స్త్రీలచే వైద్యము చేయించుటకై డఫరిన్ ప్రభ్వి పేర నిధి 1885లో ఏర్పడినది. 1883లో గుంటూరు చేరిన అన్నా సారా కుగ్లరు అను వైద్యురాలు అచట స్త్రీల చికిత్స కారంభించి, 1898లో వైద్యశాలను తెరపించినది. మంత్రసానుల శిక్షణను, నమోదును క్రమపరచుటకు మదరాసు ప్రభుత్వము 1926లో శాసనము చేసినది. వీని మేలు అపారము. అయినను ఈ సంస్థ లన్నియు ప్రసవము చేయువారికి విద్య నేర్పినవే కాని ప్రసవించు స్త్రీకి నేర్పిన వరుదు. ఇంటి తలుపు తట్టి ఆమెకు నేర్పవలసిన పని పత్రికలకును, చదివిన గృహిణులకును మిగిలినది. కావున ఆ నాలుగు మాటలు ఇచట వ్రాయుచున్నాను.

ప్రసవమునకు కొన్నివారములు ముందుగా పొట్ట క్రిందికి దిగి శ్వాస తేలికపడును; నడక బరువగును. ఇది వచ్చినంతనే భయపడవలసినది లేదు. జిగురు రక్తపుచారలతో పడినచో ప్రసవము దగ్గరపడినదని యర్థము. కాని అది గంటలలో కావచ్చును, కొన్ని దినములైనను పట్టవచ్చును. దొంగనొప్పులకు క్రమ ముండదు. ఒకమారు పది నిమిషములకు, ఒకమారు అరగంటకు వచ్చును. అటునిటు నడచినను, ప్రక్కకు ఒత్తిగిలినను, మంచినీళ్లు త్రాగినను అణగిపోవును. నిజమైన నొప్పి చాలమందికి నడుమునుండి బయలుదేరి ముందునకు చుట్టుకొనును. అలవలె లేచి విరుగును. వ్యవధి తగ్గుచు బలము హెచ్చుచు పోవును. నడచినను పండుకొన్నను ఆగదు. గడియారము దగ్గర పెట్టుకొని ఒక నొప్పి మొదలునుండి మరియొక నొప్పి మొదలువరకు లెక్కింపవలెను. అయిదేసి నిమిషములకొక నొప్పి, ఒక్కొక్కటి నిమిషము చొప్పున, గంటసేపు సాగినచో వైద్యశాలకు బయలుదేరవలెను. త్రోవ దూరమైనను, వైద్యులు ముందే జాగ్రత్త చెప్పినను ఇంకను ముందే కదలవలెను. అంతవరకు తేలికగా తినుచు, త్రాగుచు, కొంచెము నడచుచు, కొంచెము నిద్రించుచు బలమును కాచుకొనుటయే ఆమె పని.

నొప్పులను లెక్కింపక వెంటనే పోవలసిన సందర్భములు వేరు. ఉమ్మనీరు పోయినచో నొప్పులు లేకున్నను పోవలెను. ఆ నీరు పచ్చగా నున్నచో క్షణమైనను జాగు చేయరాదు. ఎర్రని రక్తము ధారగా పోయినను, బిడ్డ కదలిక తగ్గినను, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినను, 37 వారములు నిండకముందే నొప్పులు క్రమముగా వచ్చినను అంతే. ఇట్టి వేళల "తెల్లవారనీ" యనుమాట ఇంట వినబడరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005లో మొదలైన 108 వాహనము ఈ పనికొరకును ఉన్నదే.

పూర్వము ఆలస్యము శత్రువు. నేడు దానికి తోడు తొందరయు శత్రువైనది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60.7, ఆంధ్రప్రదేశమున 42.4 కాన్పులు శస్త్రచికిత్సచే జరిగినవి. దేశమంతటి సగటు 21.5. అవసరమైన కోత తల్లిని బిడ్డను కాపాడు వరము. దానిని నిందించుట మూర్ఖత్వము. కాని మంచి నక్షత్రమున బిడ్డ పుట్టవలెనని జ్యోతిష్కునిచే ముహూర్తము పెట్టించి, నొప్పులు రాకముందే కడుపు కోయించుట ఏ శాస్త్రము? పూర్వులు శుభదినమున గదిలోనికి పంపి ప్రసవకాలమునకై వేచియుండిరి; మనము ప్రసవమునకే కాలము నిర్ణయించుచున్నాము. తొలినొప్పి ఏదో మలినొప్పి ఏదో తెలియని భయమును ఈ తొందరకు ఒక కారణమే. తెలియని పిల్ల భయపడును. ఆమె భయము చూచి ఇంటివారు భయపడుదురు. భయపడినవారు ఎవరేమి చెప్పినను తల యూపుదురు.

కావున, సోదరీమణులారా! మీ యింట తొలిచూలా లున్నచో కాయము దినుసులు సేకరించు దినముననే ఆమెను చెంత కూర్చుండబెట్టుకొని ఈ గుర్తులను ఒక్కొక్కటిగా చెప్పుడు. మీ తొలికాన్పునాడు మీకు తోచినదేమో, మీరు పొరపడినదేమో సిగ్గుపడక చెప్పుడు. ఆమె భర్తను, తండ్రిని గూడ పిలిచి చెప్పుడు. అర్ధరాత్రమున బండి తెచ్చువారు వారే కదా. "అప్పుడు నీకే తెలుస్తుంది" అను మాట నిజము కావలెనన్నచో, అప్పటికి ముందే ఆమెకు తెలిపి యుండవలెను.