రాయబారి – ఇరవై ముఖాల పాచిక

గత వేసవి సెలవులకు మా మనుమడు తూప్రానుకు వస్తూ ఇద్దరు స్నేహితులను, సంచెడు పాచికలను వెంటబెట్టుకొని వచ్చాడు. మా వసారాలో అష్టాచెమ్మా గవ్వలు ఏళ్ల తరబడి దొర్లాయి గాని, 20 ముఖాల పాచికను నేను చూడడం అదే మొదలు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకరు కథ నడుపుతారు, తక్కినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. ఏ పాత్రకు ఏ విద్య ఎంత వచ్చునో కాగితం మీద అంకెలలో రాసి ఉంటుంది. పని తలపెట్టినప్పుడు పాచిక వేసి, పడిన అంకెకు విద్య అంకెను కలిపి, నిర్వాహకుడు అనుకొన్న కష్టాంకంతో పోల్చుతారు. దీనినే స్కిల్ చెక్ అంటారట.

మా మనుమడే నిర్వాహకుడు. స్నేహితులలో ఒకడు మితభాషి, కొంచెం నత్తి. వాడు కోరి ఎంచుకొన్నది రాయబారి పాత్ర, వాక్చాతుర్యం 5. రెండవవాడు వసపిట్ట. వాడి పాత్ర గొడ్డలి పట్టిన యోధుడు, వాక్చాతుర్యం సున్న. కోటద్వారం దగ్గర కావలివాణ్ణి ఒప్పించవలసి వచ్చింది. "ఏమంటవో అను" అన్నాడు మనుమడు. రాయబారి రెండు మాటలు పలికి తడబడ్డాడు. కావలివాడు ఒప్పుకోలేదు. యోధుడు ముందుకు వచ్చి గుక్క తిప్పుకోకుండా అబద్ధాలల్లాడు. తలుపులు తెరుచుకొన్నాయి. పాచిక వేయనే లేదు.

"వాని కాగితంల 5 ఉన్నది గదరా" అన్నాను.

"కాగితంల ఉంటే అయితదా తాతా? మాట్లాడొస్తెనే గద" అన్నాడు.

రాయబారి ఆ సాయంత్రం మళ్లీ నోరు తెరవలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టక ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు వెదికాను.

మన పాత ఆటలలో ఈ చిక్కు లేదు. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు, ఆడేవాడి బుద్ధి తప్ప మరేమీ లేవు. వైకుంఠపాళిలో బుద్ధికి పనే లేదు. అష్టాచెమ్మా ఈ రెంటికీ నడుమది: నాలుగు గవ్వలు అంకెనిస్తాయి, ఏ కాయను జరపాలో మనం తేల్చుకోవాలి. కాని ఈ ఆటలు వేటిలోనూ గవ్వ వేరొక విద్యకు ప్రతినిధి కాదు.

మహాభారతంలోనైతే పాచిక వేయడమే ఒక విద్య. నలుడు పుష్కరునితో జూదమాడి రాజ్యం పోగొట్టుకొన్నాడు. తరువాత ఋతుపర్ణుని దగ్గర అక్షహృదయం గ్రహించి, బదులుగా అశ్వహృదయం ఇచ్చాడు. గుర్రాలు తోలే నేర్పుకూ పాచికలు వేసే నేర్పుకూ తూకం సరిపోయిందన్నమాట. ఈ కథ చెప్పిన బృహదశ్వుడే ధర్మరాజుకు ఆ విద్య నేర్పాడు. అరణ్యపర్వంలో ఇది నన్నయగారి భాగం. విరటుని కొలువులో కంకుభట్టు జూదరిగా చెలామణి అయినది ఆ విద్య అండతోనే. (వెనుకటి అక్షాలు తాండ్రకాయలు. కృత, త్రేతా, ద్వాపర, కలి అన్నవి పందెపు పాట్ల పేర్లు కూడాను.)

మరి పాచికను ఇతర విద్యలకు కొలబద్దగా పెట్టినదెవరు? ఆ దారి ప్రష్యా సైన్యం దగ్గరకు పోతుంది. 1812లో రైస్విట్జ్ అనే ఆయన ప్రష్యా రాజుకు ఒక యుద్ధక్రీడను చూపాడు. 1824లో ఆయన కొడుకు దానికి నియమగ్రంథం వెలువరించాడు. పటం మీద దళాలు, మధ్య ఒక మధ్యస్థుడు, నష్టం ఎంతో చెప్పడానికి పట్టికలూ పాచికలూ. పట్టికలతో విసిగిన వెర్డీ దు వెర్నోయ్ 1876లో వాటిని పక్కన పెట్టి, అనుభవజ్ఞుడైన అధికారి తీర్పే చాలునన్నాడు. మా వసారాలో జరిగిన తగవు అప్పటికే ఒకసారి జరిగిందని తెలిసి నాకు నవ్వు వచ్చింది.

1974లో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికనులు డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువరించారు. తొలి పుస్తకాలలో నేటివంటి విద్యల జాబితా లేదు. ఏం చేస్తున్నదీ ఆటగాడు చెప్పాలి, ఏమైనదీ నిర్వాహకుడు చెప్పాలి. 1975లో గ్రేహాక్ అనే అనుబంధంతో దొంగ పాత్ర వచ్చింది. తాళం తీయడానికి నూటికి ఇంత, చప్పుడు లేకుండా నడవడానికి ఇంత అని వానికి అంకెలు కట్టారు. మన సాహిత్యంలో చోరశాస్త్రం పేరు విన్నవారికి, మొదట శాస్త్రం అమరినది దొంగకే అంటే ఆశ్చర్యం ఉండదు. 1981 నాటి కాల్ ఆఫ్ కథుల్హు ఆటలో విద్యలన్నిటికీ నూటి లెక్కే. అక్కడొక చక్కని సూత్రం ఉంది: విద్య పెరగాలంటే ఉన్న అంకెను మించి పాచిక పడాలి. వచ్చినకొద్దీ మరికొంత రావడం కష్టం. పండితులకు అనుభవంలో ఉన్నదే.

నన్ను ఆపినది మాత్రం 2000లో వచ్చిన మూడవ కూర్పు. కష్టాంకం 15 అనుకోండి. విద్య 5 ఉన్నవానికి పాచికపై 10 గాని, అంతకు మించి గాని పడాలి. 20 ముఖాలలో 11, అంటే నూటికి 55. ఏమీ రానివానికి ఆరు ముఖాలు, నూటికి 30. ఏళ్ల సాధనకు ప్రతిఫలం నూటికి 25 మాత్రమేనా? ఈ అన్యాయం కూర్చినవారికీ తోచినట్లుంది. ప్రాణభయం, తొందర, మరొక ధ్యాస లేనప్పుడు పాచిక వేయనక్కరలేదు, 10 పడినట్లే లెక్క వేసుకోవచ్చునన్నారు. అప్పుడు వచ్చినవానికి 15, గట్టెక్కుతాడు. రానివానికి 10, ఆగిపోతాడు. విద్య మధ్యకు పాచికను పిలుచుకొని వచ్చేది భయమన్నమాట.

ఇది చదివినప్పుడు ఒక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. పద్యాలన్నీ కంఠతా వచ్చినవాడు తనిఖీ అధికారి ముందు నిలబెడితే నోరు పెగల్చలేకపోయాడు. నేను నియమం ప్రకారం మార్కులు తగ్గించాను. ఆ సాయంత్రమే చెరువుకట్ట మీద గేదెల వెనుక నడుస్తూ అవే పద్యాలు వాడు యతిస్థానం తప్పకుండా పాడుతుంటే విన్నాను. మార్కు దిద్దలేదు. దిద్దవలసింది.

ఒత్తిడిలోనే విద్యను చూడాలంటే మనకు అవధానం ఉంది. తిరుపతి వేంకట కవులు ఊరూరా వెలిగించిన ఆ ప్రక్రియలో పాచిక లేదు, కాగితం మీద అంకె లేదు. కష్టాంకం పృచ్ఛకుల చేతిలో ఉంటుంది. నిషిద్ధాక్షరిలో అవధాని వేయబోయే అక్షరాన్ని పసిగట్టి కాదంటారు. అప్రస్తుత ప్రసంగి పనే ధ్యాస మళ్లించడం. అయితే అవధాని తన విద్యనే చూపుతున్నాడు, మరొకని పాత్ర ధరించలేదు. మా రాయబారి సంగతి వేరు. గొడ్డలి తిప్పి చూపమని యోధుణ్ణి ఎవరూ అడగలేదు. మాట్లాడి చూపమని రాయబారిని అడిగారు.

మరునాడు కాఫీల వేళ ఈ మాటే మనుమడితో అన్నాను. వాడు చాలాసేపు పెన్సిలు కొరికి, "సరే తాతా, ఏం చెప్పదలిచిండో చెప్తే చాలు. మంచి ఉపాయమైతే కష్టం తగ్గిస్త. ఎట్ల పలికిండో పాచిక చెప్తది" అన్నాడు.

మళ్లీ ఆట మొదలైంది. మరొక ద్వారం, మరొక కావలివాడు. రాయబారి ఆగి ఆగి చెప్పాడు: "రాజుగారి గుర్రాలకు మందు తెచ్చినం, పొద్దెక్కితే పనిచెయ్యదు అంట." మనుమడు కష్టాంకాన్ని 18 నుంచి 15కు దించాడు. పాచిక దొర్లి దొర్లి మా ఆవిడ ఎండబెట్టిన వడియాల చాట దగ్గర ఆగింది. 9 పడింది. అయిదు కలిపితే 14.

"అరె, ఒక్కటే తక్కువ!" అని వాడు తొడ చరుచుకొని, వెనుక వైపు ఇంకో తలుపు ఉందా అని అడిగాడు.