వైరస్ అణిగినా బలం రాదెందుకు?



మందులు వాడుతున్నా మనిషి కోలుకోకపోతే మన ఇళ్ళల్లో ముందు వచ్చే మాట ఒకటే. "మాత్రలు సరిగ్గా మింగుతున్నావా, పారేస్తున్నావా?" అని. హెచ్.ఐ.వి. వున్న ఆడదానికి ఈ మాట మరీ గుచ్చుకుంటుంది. చాలాసార్లు ఆ నిందలో నిజం వుండదు. అసలు సంగతి తెలియడానికి శాస్త్రజ్ఞులకే బోలెడు ఏళ్ళు పట్టింది.

1981 జూన్‌లో అమెరికాలో లాస్ ఏంజిలిస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన నిమోనియా వచ్చిందని ఒక చిన్న నివేదిక వెలువడింది. 1983లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైరస్‌ను గుర్తించారు. గుర్తించినవారిలో ముఖ్యురాలు ఫ్రాన్స్వాజ్ బారె-సినుసీ అనే స్త్రీ. 2008లో నోబెల్ బహుమతి పంచుకున్నది. 1986లో మద్రాసులో మన దేశపు తొలి కేసులను బయటపెట్టినవారూ స్త్రీలే, డాక్టర్ సునీతి సోలమన్, ఆమె శిష్యురాలు నిర్మల. ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరెందుకో!

ఈ వైరస్ దెబ్బతీసేది సి.డి.4 అనే రక్షణ కణాలను. ఆరోగ్యవంతులకు ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఇవి 500 నుంచి 1500 దాకా వుంటాయి. 200కు దిగితే క్షయ వంటివి సులువుగా మీద పడతాయి. 1996లో మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చాక వైరస్ అణిగింది. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు.

అప్పుడు ఒక వింత కనిపించింది. కొందరిలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గినా, కణాల లెక్క ఏళ్ళతరబడి 200 దగ్గరో 300 దగ్గరో నిలిచిపోయేది. ఏమిటి కారణం?

నిప్పు ఆర్పినంత మాత్రాన కాలిన పాక లేచి నిలబడదు కదా. రొమ్ము ఎముక వెనుక థైమస్ అనే గ్రంథి వుంది. కొత్త కణాలు తయారయ్యేది అక్కడే. వయసుతోపాటు అది కుంచించుకుపోతుంది, అందుకే పెద్దవయసులో కోలుకోవడం ఆలస్యం. గజ్జల్లో, చంకల్లో మనం 'బిళ్ళ కట్టింది' అంటామే, ఆ బిళ్ళలే ఈ కణాలకు నివాసం. జబ్బు ముదిరేలోగా వాటిలో మచ్చకట్టి నార పేరుకుంటుంది. కణాలకు చోటూ పోషణా కరువవుతాయి. ఇక పేగు సంగతి. జబ్బు సోకిన తొలి వారాల్లోనే పేగు గోడలోని కణాలు నాశనమవుతాయి. ఆ గోడ గుండా సూక్ష్మక్రిముల ముక్కలు రక్తంలోకి కారి, శరీరాన్ని ఎప్పుడూ సెగమీదే వుంచుతాయని 2006లో తేలింది. ఆ సెగకు కొత్తగా పుట్టిన కణాలూ త్వరగా రాలిపోతాయి.

కణాలను పెంచే మందు ఇస్తే సరిపోదా అంటారేమో. అదీ చూశారు. ఇంటర్‌ల్యూకిన్-2 అనే మందుతో రెండు పెద్ద పరిశోధనలు జరిగాయి. 2009లో ఫలితం చూస్తే లెక్క పెరిగింది గాని, జబ్బులూ తగ్గలేదు, చావులూ తగ్గలేదు. కాగితం మీద అంకె వేరు, ఒంట్లో సత్తువ వేరు!

గట్టిగా పనిచేసిన ఉపాయం ఒకటే, పాక కాలకముందే నీళ్ళు పోయడం. 2015లో ఫలితం వెలువడిన స్టార్ట్ అనే పరిశోధన, లెక్క 500 పైన వుండగానే మందు మొదలుపెడితే మేలని చూపింది. 2017 నుంచి మన దేశంలో లెక్కతో పని లేకుండా, జబ్బు తేలినవారందరికీ మందు ఇస్తున్నారు.

ఆలస్యంగా మొదలుపెట్టినవారి మాటేమిటంటారా? లెక్క పెరగలేదని మాత్రలు మానకూడదు. లెక్క తక్కువగా వున్నంతకాలం డాక్టర్లు కాట్రిమాక్సజోల్ మాత్ర కూడా ఇస్తారు, క్షయ వుందేమో చూస్తూంటారు. మాత్రలు మింగుతోందా లేదా అని ఇంట్లోవాళ్ళకు అనుమానమైతే, చూడవలసింది సి.డి.4 చీటీ కాదు, వైరల్ లోడ్ చీటీ. అందులో వైరస్ దొరకలేదని వస్తే ఆమె మాత్రలు మింగుతున్నట్టే.