ప్రాశ్నికుఁడును పత్రికావిమర్శకుఁడును

నూతనముగాఁ బ్రదర్శింపఁబడిన రూపకమును జూచి, దాని గుణదోషములను మఱునాఁడు పత్రికలోఁ బ్రకటించు విమర్శకుఁడు పాశ్చాత్యులవలన మనకు వచ్చినవాఁడని పలువురు తలంచుచున్నారు. పత్రిక వారివలన వచ్చినదనుట నిజము. విమర్శకుఁడు మాత్ర మట్లు వచ్చినవాఁడు గాఁడు. భరతముని నాట్యశాస్త్రమందలి సిద్ధివ్యంజకాధ్యాయమున నాతనిని స్పష్టముగాఁ బేర్కొని, ప్రాశ్నికుఁడను నామ మొసఁగియున్నాఁడు. ఆ ప్రాశ్నికుని స్థానము క్రమముగా నెవరి చేతఁ బడినదో, నేఁటి టెలివిజను నాటకముల విషయమున నాతఁడు లేమిచే మా శ్రీకాకుళ విజయనగర ప్రాంతములవారికిఁ గలిగిన నష్ట మెట్టిదో, యీ వ్యాసమునఁ దెలుపఁబూనితిని.

నాటకము సిద్ధించినదా లేదా యనుటకు భరతుఁడు చెప్పిన గుఱుతులు మిక్కిలి లౌకికములు. సిద్ధి మానుషి యనియు దైవి యనియు రెండు తెఱఁగులు. మానుషి మరల వాఙ్మయి, శారీరి యని ద్వివిధము. ప్రేక్షకుల చిఱునవ్వు, సగపునవ్వు, పెద్దనవ్వు, 'సాధు' 'అహో' 'కష్టము' అను పలుకులు వాఙ్మయి యగును. గగుర్పాటు, పీఠములనుండి లేచుట, వస్త్రములును ఉంగరములును విసరుట శారీరి యగును. సద్దు లేక, క్షోభ లేక రంగము నిండియుండుట దైవి. సిద్ధికిఁ గలుగు విఘాతములనుగూడ ముని లెక్కించెను. వానిలోఁ బరకృతములని కొన్ని గలవు. పగవారు కేకలు వేయుట, పేఁడయు మట్టిబెడ్డలును చీమలును రంగముపై విసరుట యిట్టివి. పేరు దాఁచి దుర్వాక్యములు వ్రాయు నేఁటివారికి వీరే మూలపురుషులు గాఁబోలు.

ఈ సిద్ధిని, ఈ ఘాతములను నిర్ణయించువారు ప్రాశ్నికులు. యజ్ఞవేత్త, నర్తకుఁడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, ధనుర్వేది, చిత్రకారుఁడు, వేశ్య, గాంధర్వుఁడు, రాజసేవకుఁడు అని పదుగురు. ఒక్కొక్కఁడు తానెఱిఁగిన విషయముననే ప్రమాణము. అభినయమును నర్తకుఁడు, వేషమును జిత్రకారుఁడు, పాఠ్యమును శబ్దవేత్త విమర్శింపవలయును. వైయాకరణున కిందొక పీఠము దొరకుట మావంటివారికి సంతోషకరమే. అయినను ఆ పంక్తిలో వేశ్యకును సమానపీఠమే యున్నదని మఱవరాదు. ఎఱుకయే యిక్కడ నధికారము, కులము గాదు, వృత్తి గాదు. వీరి నిర్ణయములను వ్రాయుటకు లేఖకుఁడును, ఎన్నుటకు గణకుఁడును వేఱుగా నుందురు. ప్రాశ్నికుఁడు, లేఖకుఁడు, గణకుఁడు అను నీ మూఁడు పనులను చదువరులు మనసున నుంచుకొనవలయును. తరువాతి చరిత్రమంతయు వీని విభాగమే.

ఐరోపాలో నీ స్థానమును మొట్టమొదటఁ జక్కఁగా వహించినవారిలో జర్మను పండితుఁడు లెస్సింగు ప్రధానుఁడు. హాంబర్గు నగరమున 1767లో నెలకొల్పఁబడిన నాటకశాలవారు తమ ప్రదర్శనములను విమర్శించుటకై తామే యాతనిని నియమించిరి. ఆతఁడు నటులగూర్చి వ్రాయఁగా నటులు కినిసిరి. కొలఁది నెలలలోనే యాతఁడు నటవిమర్శము మాని రూపకరచనను మాత్రమే చర్చించెను. ఉప్పు తినుచు ఉప్పు రుచి చెప్పుట యెంత కష్టమో యిందుచేఁ దెలియును.

మన దేశమున ధార్వాడ నాటకసమాజమువారు 1880లో గోదావరీతీరమునకు వచ్చి యాడిన పిమ్మట తెలుఁగు రంగము వేగముగా వృద్ధిచెందెను. కందుకూరి వీరేశలింగముపంతులుగారు అంతకుముందే తమ పత్రికలలోఁ బ్రహసనములు ప్రకటించుచుండిరి. బళ్లారిలో ధర్మవరము కృష్ణమాచార్యులవారి చిత్రనళీయము 1887లో నాడఁబడెను. 1892లో విజయనగరమున జగన్నాథవిలాసినీ సభవారు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును బ్రదర్శించిరి. ఈ రూపకము పుట్టుకలోనే గణకుఁడున్నాఁడు. ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణమండలమున మూఁడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టికను వ్రాయింపఁగా 1,034 తేలినవనియు, వధువులలో నొక యేఁటి ప్రాయమువారుకూడ నుండిరనియుఁ బీఠికవలనఁ దెలియుచున్నది. నాఁటి గణకుఁడు ప్రేక్షకులను గాక దురాచారమును లెక్కించెనన్నమాట.

ఆ గ్రంథము 1897లో నైదంకములతోను, 1909లో నేడంకములతోను ముద్రితమయ్యెను. రెండింటికిని గర్త యాంగ్లమునఁ బీఠికలు వ్రాసెను. నా యెఱిఁగినంతలో మా ప్రాంతమున నూతన నాటక ప్రహసనములపైఁ బుట్టిన విమర్శములలో నింతకంటె నిశితమైనది లేదు. వర్తమానజీవితమును నాటకకర్తలు ముట్టుటయే లేదనియు, ముట్టినచో మొఱకు నవ్వులకే ముట్టుచున్నారనియు, అరిగిపోయిన శృంగారకథలనే మరల మరలఁ ద్రిప్పుచున్నారనియు నాతని యభియోగము. తన నాటకము తానాడించుకొన్నవాఁడు పరుల నాటకములను విమర్శింపఁదగునా యని కొందఱందురు. నర్తకుని నభినయమునకుఁ బ్రాశ్నికునిగాఁ గూర్చుండఁబెట్టిన భరతుని మతమున నది తగును.

అసలు వివాద మంతయు భాషపై రేఁగినది. 1897లోనే వేదము వేంకటరాయశాస్త్రిగారు ప్రతాపరుద్రీయమున చాకలి పేరిగాని నోట గ్రామ్యమును బలికించిరి. పాత్రోచితభాష యని వారు దానిని సమర్థించిరి. సంస్కృతనాటకమున నుత్తమునకు సంస్కృతము, నీచునకుఁ బ్రాకృతము నుండలేదా యనునది వారి యుపపత్తి. అప్పారావుగారి దారి వేఱు. కన్యాశుల్కమున అగ్రహారికులు మొదలు నౌకరులవఱకు నందఱి నోటను వాడుకపలుకే. సౌజన్యరావుపంతులుగాని, లుబ్ధావధానులుగాని గ్రంథమునఁ జదువుకొన్న భాషను మాటలాడరు. ఒకరి కున్నతభాషయు, నొకరికి నవ్వుల భాషయు నచ్చటఁ బంచిపెట్టఁబడలేదు. గిరీశము నవ్వించుట యాతని శీలముచేతనే కాని, ప్రాంతపు యాసచేతఁ గాదు. నేను గ్రాంథికమున వ్రాయువాఁడను, వ్రాయుచునే యుందును. కాని రంగస్థలమున నప్పారావుగారిదే సరియైన నిర్ణయమని యేఁబదియేండ్లు దాఁటిన పిమ్మట నంగీకరింపవలసివచ్చినది.

ఇఁక టెలివిజను. 1975-76లో నుపగ్రహసాయమున మన రాష్ట్రముతోఁ గూడ నాఱు రాష్ట్రములలోని 2,400 గ్రామములకుఁ బ్రసారము నెఱపిరి. హైదరాబాదు దూరదర్శనకేంద్రము 1977లోఁ బ్రారంభమయ్యెను. 1995లో ఈటీవీ వచ్చెను. నాఁటినుండి తెలుఁగు నాటకమున కన్నింటికంటెఁ బెద్ద రంగస్థలము గృహమధ్యముననే వెలసినది. జెమిని టీవీలో 2001 మొదలు 2007 వఱకు సాగిన అమృతము నేను విడువక చూచితిని. ఇద్దఱు మిత్రులు భోజనశాల నడపుచుఁ బన్నిన పన్నుగడలన్నియు వారికే యెదురుతిరుగును. నవ్వు శీలమునుండి పుట్టినది గనుక నిది ప్రహసనవంశమున మేలైన సంతతి. 2013 నుండి ఈటీవీలో వచ్చిన జబర్దస్తు వంటి చిఱురూపకములు వీథ్యంగములలోని వాక్కేళీ యసత్ప్రలాపములను దలఁపించును. మాటకు మాట తగిలించు నేర్పు కొందఱిలో మెచ్చఁదగినదే. కాని వేషమునే నమ్మికొన్నపుడు చప్పఁబడును. బాలురును మూర్ఖులును హాస్యవేషములయందుఁ దృప్తిపడుదురని ముని యననే యనెను.

ఇంగ్లండులో అబ్జర్వరు పత్రికకు క్లైవ్ జేమ్సు 1972 మొదలు 1982 వఱకు వారము వారము టెలివిజను విమర్శము వ్రాసెను. పత్రికాకార్యాలయములలో నల్పముగాఁ జూడఁబడిన యా పని యాతని మూలమున సాహిత్యస్థాయి నందెను. మన తెలుఁగు పత్రికలలో సినిమా విడుదలైన దినముననే సమీక్ష వెలువడును. టెలివిజను నాటకమునకో, ప్రసారవేళల పట్టికయు, నటీనటుల ముచ్చటలును దొరకును, గుణదోషచర్చ యరుదు. దీనికిఁ గారణమున్నది. ప్రాశ్నికుఁడు పూర్వము సభామధ్యమునఁ గూర్చుండి, పదుగురి నవ్వు వినుచుఁ దన నిర్ణయమును సరిచూచుకొనెడివాఁడు. నేఁడు చూచువాఁ డేకాంతమునఁ జూచును. నవ్వుకూడ నాతనిది గాదు. 1950 ప్రాంతముల అమెరికాలోఁ జార్లెసు డగ్లసు అను శబ్దయంత్రజ్ఞుఁ డొక నవ్వులపెట్టె నిర్మించెను. నాఁటినుండి ముందుగాఁ బట్టియుంచిన నవ్వును నాటకమున కతికించుట యాచారమైనది. మానుషి సిద్ధి యీ విధముగా యంత్రసిద్ధి యయ్యెను. మఱియొకవంక గణకుఁడు మాత్రము బలపడినాఁడు. 2010లో స్థాపింపఁబడిన బార్కు సంస్థ 2015 నుండి యిండ్లలో మీటరు లమర్చి యేది యెందఱు చూచిరో వారము వారము ప్రకటించుచున్నది. ప్రకటనల ధనము దానినే యనుసరించును. ముగ్గురిలో గణకుఁడు సింహాసన మెక్కెను, లేఖకుఁడు ముచ్చటలు వ్రాయుచున్నాఁడు, ప్రాశ్నికుని పీఠము కాలీగా నున్నది.

అందలి శబ్దవేత్త పీఠము కాలీయగుటయే మాకుఁ దగిలిన దెబ్బ. టెలివిజను ప్రహసనములలో నాయకుఁడును నాయికయుఁ గృష్ణాతీరపు పలుకు పలుకుదురు. వంటవాఁడును కావలివాఁడును దెలివితక్కువవాఁడును దఱచుగా శ్రీకాకుళపు యాస పలుకుదురు. ఆ యాస వినఁబడుటయే నవ్వునకు సంజ్ఞ. భరతుఁడు విదూషకునకు ప్రాచ్యభాషను, అనఁగాఁ దూర్పువారి పలుకును, విధించెను. ఆ శ్లోకము నెఱుఁగకయే తెలుఁగు రచయితలు దానిని మా తూర్పువారికి వర్తింపఁజేసిరి!

నవ్వఁబడు రూపములలో నొకదానిని విచారింతము. 'వచ్చీసినాఁడు' అను మాట విని తక్కినవారు నవ్వుదురు, తాము 'వచ్చేశాడు' అందురు. రెండును 'వచ్చివేసినాఁడు' అను నొక్క రూపమునకే వికారములు. వేయుధాతువు రెండింటను ననుప్రయోగమే. వకారలోపము రెండింటను సమానమే. తూర్పున నికారము నిలిచి దీర్ఘమయ్యెను, దక్షిణమున నేకారము నిలిచెను. ఇంతవఱకు సమము. 'సినాఁడు' అను భాగము మా పలుకునఁ జెక్కుచెదరక నిలిచియున్నది. 'శాడు' అనుచోట నకార మెగిరిపోయి, సకారము శకారమైనది. కావున గ్రంథభాషకుఁ జేరువయైనది నవ్వఁబడు రూపమే. చకారమునకు సకారమును బలుకుట మావారిలోఁ గొందఱికిఁ గలదు, అది మాండలికమే. దాని నిట దాఁచుట లేదు.

గతసంవత్సరమున మా యామదాలవలసలో నొక బాలుఁడు, నాగావళి యొడ్డున నున్న పల్లెవాఁడు, తరగతిలో 'రాసీసినానండీ' యనెను. తోడివారు టెలివిజనులోని యొక సేవకుని పేరఁ బిలిచి నవ్విరి. ఆ నవ్వినవారందఱును శ్రీకాకుళమువారే, వారి తల్లులును నింటిలో నా మాటయే యనెడివారే. నేను పాఠము మాని పై రూపసాధనమును నల్లబల్లపై వ్రాసితిని. తక్కినవారు శ్రద్ధగా వ్రాసికొనిరి. ఆ బాలుఁడు మాత్రము మరల నెలదినములవఱకు నన్ను జూచినపుడెల్ల 'రాశాను' అనియే చెప్పుచుండెను.

గిడుగు రామమూర్తిపంతులుగారు పుట్టిన మండలమున నిట్లు జరుగుట చూచి, ఒక పుస్తకమున టెలివిజను రూపకములలో వినిన వాక్యములను, పలికిన పాత్రముతోను దినముతోను వ్రాసికొనుట మొదలిడితిని. లెస్సింగు విమర్శించిన నాటకములు నేఁటికిని ముద్రితములై యున్నవి. ఈ రూపకముల పాఠ్య మెచ్చటను ముద్రితము గాదు, కనుక ముందు వాక్యమును బట్టియుంచుటయే ప్రాశ్నికుని మొదటిపని యైనది. ఏ పాత్రకు నే ప్రాంతపు పలుకు పెట్టఁబడినదో తెలుపు పట్టికను, నందలి రూపముల సాధనమును వేఱొక వ్యాసమునఁ బ్రకటింతును. చదువరులు తమ తమ ప్రాంతముల పలుకునకుఁ బట్టిన గతిని వ్రాసి పంపినయెడల వానినిగూడఁ జేర్తును.