గురుకంఠం, శిష్యాంగుళి

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి బ్రహ్మవిద్యకు పూర్వమే వర్ణాన్ని, స్వరాన్ని, మాత్రను ప్రస్తావిస్తుంది. విద్యకు శుద్ధోచ్చారణమే ప్రథమ సోపానమన్నది పూర్వుల దృష్టి. అయితే ఆరంభంలోనే నియమం ఇంత దృఢమైతే శిష్యుని సహజప్రతిభ అందులోనే అణగిపోదా అన్న సందేహం సాధకులకు కలుగుతుంది.

దీనికి పశ్చిమగోదావరి సీమలోనే ఒక సమాధానం ఉన్నది. క్షీరారామలింగేశ్వరుడు కొలువైన పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ జన్మించారు. తండ్రి సత్యనారాయణగారు మాండొలిన్ వాద్యకారులు. బాలుని ఆసక్తిని గమనించి తొలిపాఠాలు తామే చెప్పారు. అనంతరం ఆ బాలుడు తండ్రిగారి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారి శిష్యుడయ్యాడు. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. వారికి మాండొలిన్ వాయించడం రాదు.

విశేషమంతా ఇక్కడే ఉన్నది. గురువు పాడేవారు, శిష్యుడు విన్నదానిని తంత్రులపై పలికించేవాడు. ఏ మెట్టుపై ఏ వ్రేలు నిలపాలో గురువు చూపలేరు. ఇది కేవల స్వేచ్ఛ అని భ్రమపడరాదు. చేతిని చూసి అనుకరించేవానికి కన్ను సాయపడుతుంది; కంఠాన్ని అనుసరించేవానికి చెవి తప్ప అన్య ఆధారం లేదు. గమకం గురువు పాడినట్లే పలకాలి, అందులో రాజీ లేదు. అక్కడికి చేరే మార్గాన్ని మాత్రం ఆ పసివాడే అన్వేషించుకోవాలి. సరళీ వరుసలకే ప్రతి వ్రేలి కదలికనూ నిర్దేశించే నేటి బోధకులు ఈ సంగతిని ఒకసారి ఆలోచించవలసి ఉన్నది.

1978లో, కొల్లేటికి ఆవల గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాలలో ఆ బాలుని తొలి కచేరీ జరిగింది. అప్పటికి తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక లభించింది. పరదేశవాద్యంపై రాగస్వరూపం నిలుస్తుందా అని శంకించినవారూ లేకపోలేదు. ఆ శంక నిర్హేతుకం కాదు. జంట తంత్రులు గల మాండొలిన్‌పై, వీణపై వలె తంత్రిని లాగి గమకం పలికించడం దుష్కరం. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టి, ఐదు ఒంటి తంత్రులతో దానిని మలచుకున్నారు. చిన్ననాట విన్న కంఠం కోరినదానిని పాత వాద్యం ఇవ్వలేకపోవడమే ఇందుకు మూలమని నా భావన. నియమం సడలకపోవడంవల్లనే నూతనత్వం అవసరమయింది.

వారు 2014 సెప్టెంబరు 19న పరమపదించారు. తమ్ముడు రాజేశ్ వారి వద్దనే నేర్చి, వేదికపై వారి ప్రక్కన కూర్చుని వాయించారు. ఆ శిష్యునికి మాత్రం గురువు వ్రేళ్లను చూసే అవకాశం లభించింది.