టెస్ట్ ఫెయిలైతే తప్పు టెస్ట్‌దేనా? సెలీనియం కథ

పోయిన ఎపిసోడ్‌లో చంద్రగిరి కోట గురించి మాట్లాడుకున్నాం కదా, దాని కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టినాడు: "అన్నా, కోటలకేనా హిస్టరీ, మన సాఫ్ట్‌వేర్‌కి ఉండదా?" అని. ఉంటుంది తమ్ముడూ. ఈ రోజు చెప్పే కథకి 20 ఏళ్లు పైబడింది. దాంట్లో చివరాఖర్లో నేను కూడా ఉన్నా, అదీ మంచి పాత్రలో కాదు.

నేను 2018లో తిరుపతిలో బీటెక్ అయిపోగొట్టి, నారాయణాద్రి ఎక్కి హైదరాబాద్ పోయినా. ఎక్కడికో మీకు తెలుసు. అమీర్‌పేట. మైత్రివనం చుట్టుపక్కల గోడ కనిపిస్తే బోర్డు, స్తంభం కనిపిస్తే పాంప్లెట్. నాకు కోడింగ్ మీద పెద్ద నమ్మకం లేదు, అందుకని "టెస్టింగ్ అయితే తొందరగా జాబ్ వస్తుంది" అని హాస్టల్ అన్న ఒకాయన చెబితే సెలీనియం కోర్సులో చేరినా. అంతకు ముందు బ్యాచ్‌లోళ్లు క్యూటీపీ నేర్చుకున్నారు. వాళ్లకంటే ముందువాళ్లు విన్‌రన్నర్. అమీర్‌పేట బోర్డులు వరసగా చదివితే చాలు, ఈ రంగం చరిత్ర సగం తెలిసిపోతుంది.

విన్‌రన్నర్, క్యూటీపీ రెండూ మెర్క్యురీ ఇంటరాక్టివ్ అనే కంపెనీవి. లైసెన్స్ కొనాలంటే మామూలు కంపెనీకి చుక్కలు కనిపించేవి. 2006లో ఆ కంపెనీని హెచ్‌పీ దాదాపు 450 కోట్ల డాలర్లు పెట్టి కొనింది. దానికి రెండేళ్ల ముందు, 2004లో, చికాగోలో థాట్‌వర్క్స్ అనే కంపెనీలో జేసన్ హగిన్స్ అనే ఇంజనీరు తమ ఉద్యోగులు పని గంటలు, ఖర్చులు రాసుకునే వెబ్ అప్లికేషన్‌ని టెస్ట్ చేస్తా ఉన్నాడు. ప్రతిసారీ చేత్తో బటన్లు నొక్కి నొక్కి విసుగొచ్చి, ఆ పనిని బ్రౌజరే చేసేట్టు జావాస్క్రిప్ట్‌లో ఒక ప్రోగ్రాం రాసినాడు. దానికి పేరు సెలీనియం. ఎందుకా పేరు? మెర్క్యురీ అంటే పాదరసం కదా, పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అని ఒక జోక్. పోటీ కంపెనీ మీద వేసిన ఆ కుళ్లు జోకే ఈ రోజు లక్షల రెజ్యూమేల్లో ఉంది.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. బ్రౌజర్లలో 'సేమ్ ఆరిజిన్' అనే రూల్ ఒకటి నెట్‌స్కేప్ కాలం నుంచి ఉంది. ఒక సైట్ నుంచి వచ్చిన స్క్రిప్ట్ ఇంకో సైట్ లోపలికి తొంగి చూడకూడదు. మంచి రూలే, లేకపోతే ఏదో సినిమా పాటల సైట్ తెరిస్తే అది పక్క ట్యాబ్‌లో ఉండే మీ బ్యాంకు పేజీ చదివేస్తుంది. కానీ సెలీనియం కూడా జావాస్క్రిప్టే కదా! దాన్నీ బయటోడిగానే చూసింది బ్రౌజర్. అందుకని మొదట్లో టెస్ట్ చేయాల్సిన అప్లికేషన్ ఉండే సర్వర్‌లోనే సెలీనియం ఫైళ్లు కూడా పెట్టాల్సి వచ్చేది. సొంత సైట్ అయితే సరే, సర్వర్ మన చేతిలో లేకపోతే?

థాట్‌వర్క్స్‌లోనే ఉన్న పాల్ హామంట్ లాంటి వాళ్లు దీనికి దారి వెతికినారు. అదే సెలీనియం ఆర్‌సీ. కొండకి పోయే ఏ బండైనా అలిపిరి దగ్గర ఆగాల్సిందే కదా, అట్లా బ్రౌజర్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్యలో ఒక ప్రాక్సీ సర్వర్ పెట్టినారు. బ్రౌజర్ ఏది అడిగినా ప్రాక్సీనే అడుగుతుంది. అది అసలు సైట్ పేజీలతో పాటు సెలీనియం ఫైళ్లని కూడా "ఇవీ ఆ సైట్‌వే" అని అందిస్తుంది. బ్రౌజర్ నమ్మేస్తుంది. హెచ్‌టీటీపీఎస్ సైట్లు వస్తే ఈ అబద్ధం నడవాలి కాబట్టి దొంగ సర్టిఫికెట్ కూడా ఒకటి వాడుకున్నారు. దాని పేరు 'సైబర్‌విలన్స్'.

ఆ తర్వాత సైమన్ స్టువర్ట్ వచ్చినాడు. "పేజీ లోపల దూరి ఎందుకు ఈ నాటకం? బ్రౌజర్‌నే బయట నుంచి, మనిషి వాడినట్టు నడుపుదాం" అనేది ఆయన దారి. అదే వెబ్‌డ్రైవర్, 2007 ప్రాంతంలో. 2009లో రెండు ప్రాజెక్టులూ కలవాలని నిర్ణయించుకుంటే, 2011లో సెలీనియం 2 వచ్చింది. 2018లో డబ్ల్యూ3సీ దాన్ని అధికారిక ప్రమాణం చేసింది. సేమ్ ఆరిజిన్ గోడ గొడవ తీరిపోయింది.

కానీ ఒకటి పోయింది. ప్రాక్సీ అవసరం లేకపోవడంతో, నెట్‌వర్క్‌ని చూసే కన్ను కూడా పోయింది. బటన్ నొక్కితే వెనకాల ఏ రిక్వెస్ట్ పోయింది, 200 వచ్చిందా, 500 వచ్చిందా, అసలు పోయిందా లేదా అనేది వెబ్‌డ్రైవర్ చెప్పదు. "హెచ్‌టీటీపీ స్టేటస్ కోడ్ ఇవ్వండి" అని అడిగిన 141వ నంబర్ ఇష్యూ సెలీనియం లోకంలో పేరుమోసింది. ఏళ్ల తరబడి జనం అడుగుతానే ఉన్నారు, వాళ్లు చేయం అంటానే ఉన్నారు. మామూలు మనిషి కంటికి స్టేటస్ కోడ్ కనపడదు, మా పని మనిషిలా నడపడం, కావాలంటే ప్రాక్సీ పెట్టుకోండి అనేది వాళ్ల మాట. నాకు ఆ వాదన సగం నచ్చుతుంది. మిగతా సగం ఎందుకు నచ్చదో ఇప్పుడు చెప్తా.

2021లో నేను బెంగళూరులో ఒక కంపెనీలో ఉన్నా. పేరు చెప్పను, బస్సు టికెట్ల యాప్ అనుకోండి. పేమెంట్ అయినాక "సక్సెస్" అని పేజీ వస్తుంది, దాని కింద 'నా టికెట్' అనే బటన్. నా టెస్ట్ ఆ బటన్ నొక్కి, టికెట్ కనిపించిందా లేదా చూస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో వందకి వంద పాస్. రాత్రి సర్వర్‌లో నడిస్తే పదిసార్లలో రెండుసార్లు ఫెయిల్, "టికెట్ దొరకలేదు" అని. అట్లాంటి టెస్ట్‌ని మా భాషలో 'ఫ్లేకీ' అంటారు, అంటే నిలకడ లేనిది. రిలీజ్ దగ్గరపడింది, మేనేజర్ పైన నిలబడినాడు. నేనేం చేసినా? బటన్ నొక్కేముందు 5 సెకన్లు ఆగమని ఒక లైన్ రాసినా. అంతా పచ్చ రంగు. శభాష్ కూడా అన్నారు.

రిలీజైన వారానికి కస్టమర్ కేర్ నుంచి వరసగా ఫిర్యాదులు. డబ్బులు కట్ అయినాయి, టికెట్ లేదు. వాటిలో ఒకటి మదనపల్లె నుంచి. ఒకాయన వాళ్లమ్మని వేలూరు ఆస్పత్రికి తీసకపోవడానికి రెండు సీట్లు చేసుకున్నాడు. పొద్దున్నే స్కానింగ్. రాత్రి బస్టాండ్‌లో కండక్టర్ లిస్టులో పేరు లేదు, బస్సు వెళ్లిపోయింది. డబ్బులు వారానికి వాపసు వచ్చినాయి. మా ఊర్ల నుంచి వేలూరుకి ఎందుకు పోతారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మా నాయన్ని నేనూ అట్లే తీసకపోయినా. ఆ ఫిర్యాదు మూడుసార్లు చదివినా.

మా టీంలో సీనియర్ అక్క ఒకామె నా కోడ్ చూసి, "ఈ 5 సెకన్లు ఎందుకు పెట్టినావురా?" అని అడిగింది. టెస్ట్ ఫ్లేకీగా ఉంది అక్కా అన్నా. "టెస్టా, సైటా?" అనింది. ఆమె చేసింది పాత పద్ధతే: మధ్యలో బ్రౌజర్‌మాబ్ ప్రాక్సీ పెట్టి, వచ్చిపోయే రిక్వెస్టులన్నీ 'హార్' అనే ఫైల్‌లోకి ఎక్కించింది. నా 5 సెకన్లు తీసేసి, నెట్ స్పీడ్ కావాలని తగ్గించి, మళ్లీ రన్ చేసింది.

ఫైల్ చూస్తే కథ అంతా అందులోనే ఉంది. పేమెంట్ అయినాక పేజీ వెనకాల ఇంకో రిక్వెస్ట్ పోవాలి, "ఈ సీటు ఖాయం చెయ్యి" అని. ఆ సర్వర్ వేరే డొమైన్‌లో ఉంది. డొమైన్ మారితే ఇట్లాంటి రిక్వెస్ట్‌కి బ్రౌజర్ మర్యాదగా ముందు 'ఆప్షన్స్' అనే రిక్వెస్ట్ పంపి "పంపొచ్చా?" అని అడుగుతుంది, సరే అంటేనే అసలుది పంపుతుంది. 2004లో హగిన్స్‌ని ఆపిన సేమ్ ఆరిజిన్ రూల్‌కి ఇది తమ్ముడే. ఫైల్‌లో ఆప్షన్స్ ఉంది, దానికి జవాబు ఉంది. అసలు రిక్వెస్ట్ లేదు! ఆ సందులో బటన్ నొక్కడంతో పేజీ మారిపోయింది, పేజీ మారితే దాని సగంలో ఉన్న పనులన్నీ బ్రౌజర్ రద్దు చేస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో అన్నీ ఒకే డొమైన్, ఒకే మెషిన్. అందుకే అక్కడ ఎప్పుడూ పట్టుబడలేదు. 2జీ సిగ్నల్‌లో తొందరగా బటన్ నొక్కిన మనిషికే దెబ్బ తగిలింది. నా టెస్ట్ మొదటి రోజు నుంచీ నిజమే చెప్తా ఉంటే, నేనే దాని నోరు మూసినా.

ఇప్పుడైతే ఇంత తిప్పలు లేదు. 2017లో గూగుల్ క్రోమ్ టీం పప్పెటీర్ తెచ్చింది, అది క్రోమ్ డెవ్‌టూల్స్ వాడే దారిలోనే నేరుగా మాట్లాడుతుంది. దాన్ని చేసినవాళ్లలో కొందరు మైక్రోసాఫ్ట్‌కి పోయి 2020లో ప్లేరైట్ వదిలినారు. రిక్వెస్ట్ ఫెయిలైతే అదే కారణంతో సహా చెప్తుంది. 2021 అక్టోబర్‌లో వచ్చిన సెలీనియం 4లో కూడా ఆ కన్ను తెరుచుకుంది, ఇప్పుడు 'బైడై' పేరుతో అన్ని బ్రౌజర్లకీ కలిపి ప్రమాణం రాస్తా ఉన్నారు. టెస్టింగ్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు రెండు విషయాలు మాత్రం పట్టుకోండి. రెస్పాన్స్ కోసం కాచుకునే లైన్ బటన్ నొక్కే లైన్ కంటే ముందు మొదలవ్వాలి, తర్వాత రాస్తే రెస్పాన్స్ వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. ఇంకోటి, మీరు ఆపాలనుకున్న రిక్వెస్ట్ ప్లేరైట్‌కి కనపడకపోతే, సైట్‌లో సర్వీస్ వర్కర్ ఉందేమో చూడండి. అది మధ్యలోనే అందుకుంటా ఉంటుంది, టెస్ట్‌లో దాన్ని బ్లాక్ చేయొచ్చు.

మా బగ్ సంగతా? సీటు ఖాయమైందని జవాబు వచ్చేదాకా 'నా టికెట్' బటన్ పనిచేయకుండా చేసినారు. పేజీ మూసేసినా సీటు పోకుండా, పేమెంట్ గేట్‌వే నేరుగా మా సర్వర్‌కే కబురు పంపేట్టు ఇంకో దారి పెట్టినారు. 5 సెకన్ల లైన్ నేనే తీసేసినా. ఆ కమిట్ మెసేజ్‌లో మదనపల్లె ఫిర్యాదు నంబర్ రాసినా. రివ్యూలో అక్క దాని గురించి ఏమీ అడగలేదు, అప్రూవ్ నొక్కింది.