దిగుడు బావి నుండి జంపన్న వాగు వరకు

కాకతీయుల నాటి బయ్యారం చెరువు నేడు మహబూబాబాద్ జిల్లాలోను, గణపసముద్రం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను ఉన్నాయి. మెట్టప్రాంతమైన జనగామలో చెరువులతోపాటు బావులే ఆధారం. ఈతకొలనులు ఎరుగని పల్లెలకు ఇవే స్నానఘట్టాలు, ఈత నేర్పిన బడులు. అయితే చాలాచోట్ల బిందెలు నింపుకొన్నదీ ఆ నీటితోనే.

తెలుగునాట దిగుడు బావుల వద్ద ఈ అలవాటుకు చెల్లించిన మూల్యం నారికురుపు. రోగి మెట్లు దిగి నీటిలో కాలు పెట్టగానే పాదం మీది బొబ్బ చితికి, లోపలి పురుగు వేలకొద్దీ పిల్లలను నీటిలోకి వదిలేది. సైక్లాప్స్ అనే చిన్న నీటిజీవి వాటిని మింగేది. ఆ నీటిని వడకట్టకుండా తాగినవారికి ఏడాది తిరిగేసరికి బొబ్బ లేచేది. మూరెడుకు పైగా పొడవుండే పురుగును పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం చొప్పున లాగవలసి వచ్చేది. తెగిందా, కాలు వాచి చీము పట్టేది.

దీనికి మందూ లేదు, టీకా కూడా లేదు. అయినా 1983-84లో ఆరంభమైన జాతీయ కార్యక్రమం దీనిని తరిమివేసింది. దిగుడు బావులను చేదబావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు, గుడ్డతో నీరు వడకట్టడం నేర్పారు. దేశంలో చివరి కేసు 1996 జులైలో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను ఈ వ్యాధి లేని దేశంగా ధ్రువీకరించింది. వైద్యులమైన మేము కాదు, మేస్త్రీలు గెలిచిన యుద్ధమిది!

కలరా సంగతీ ఇంతే. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో ఆ క్రిమిని ఒక చెరువు నీటిలో కనుగొన్నాడు. చుట్టుపక్కల జనం స్నానానికి, ఉతుకుకు, తాగడానికి ఆ ఒక్క చెరువునే వాడుతుండేవారు.

నేటి మన స్నానఘట్టాలు జంపన్న వాగు, కాళేశ్వరం. 2016 నుండి 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాకు చేరిన మేడారంలో, జాతరకు లక్నవరం నీటిని వాగులోకి వదులుతారు. ఒడ్డున నల్లాలూ అమరుస్తారు. కాళేశ్వరంలో 2025 మే 15 నుండి 26 వరకు సరస్వతీ పుష్కరాలు జరిగాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం స్నానపు నీటిలో, 100 మిల్లీలీటర్లకు మలసంబంధ కోలిఫాం సంఖ్య 500 లోపు ఉండాలి. 2500 గరిష్ఠ పరిమితి. తాగునీటిలోనైతే ఒక్కటి కూడా ఉండరాదు. అంటే స్నానానికి పనికివచ్చిన నీరు దోసిటపట్టి తాగడానికి పనికిరాకపోవచ్చు.

పెద్దలు తీర్థాన్ని తలపై చల్లుకొని ఊరుకోగలరు. మునిగే పసివాడు ఒక గుక్కైనా మింగుతాడు. జాతర నుండి తిరిగివచ్చిన రెండు మూడు రోజులలో వానికి విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. పట్టిస్తూ వైద్యునికి చూపించండి. వాగులో స్నానం చేయించిన మాట తప్పక చెప్పండి.