మొదటి అధికరణములోని మాటలు

మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనను ఐక్యరాజ్య సమితి 1948 డిసెంబరు 10న పారిస్ పట్టణమందు అంగీకరించెను. అందలి ముప్పది అధికరణములలో మొదటిది, మానవులందరు స్వతంత్రులుగాను, గౌరవమందును హక్కులందును సమానులుగాను జన్మించియున్నారని చెప్పుచున్నది. ఇంత సులువైన మాటకు ఎవరు అడ్డుచెప్పుదురని చదువరులు తలంచవచ్చును. అయితే ఆ వాక్యములోని ప్రతి మాటను గూర్చియు వాదము జరిగెను.

1947లో వ్రాసిన చిత్తుప్రతిలో ‘మానవులు’ అను చోట ఆంగ్లమున ‘మెన్’ అని యుండెను. ఆ మాటకు మనుష్యులనియు పురుషులనియు రెండర్థములు గలవు. తెలుగున మనకు ఈ చిక్కు లేదు. మనుష్యులన్నప్పుడు మన తల్లులును అక్కచెల్లెండ్రును అందులోనే యున్నారు. ప్రకటనను సిద్ధపరచిన కమిషనులో పదునెనిమిది దేశముల ప్రతినిధులుండగా స్త్రీలు ఇద్దరే: అధ్యక్షురాలైన ఎలినోర్ రూజ్‌వెల్టుగారు, మన దేశ ప్రతినిధి హంసా మెహతాగారు. ఆ మాటలో స్త్రీలును చేరియే యున్నారని రూజ్‌వెల్టుగారు సమాధానపరచిరి. మెహతాగారు ఒప్పుకొనలేదు.

ఇది వట్టి పట్టుదల కాదు. 1928లో కెనడా సుప్రీం కోర్టు, సెనేటు సభ్యులను గూర్చిన చట్టములోని ‘వ్యక్తులు’ అను మాటలో స్త్రీలు చేరరని తీర్పు చెప్పెను. 1929లో లండనునందలి ప్రివీ కౌన్సిలు ఆ తీర్పును కొట్టివేయువరకు అదే చట్టమై నిలిచెను. ‘వ్యక్తి’ అను మాటకే ఆ గతి పట్టినప్పుడు ‘మెన్’ అను మాటను నమ్ముటెట్లు? తుదకు 1948లో, స్త్రీపురుషులిద్దరికిని చెల్లు మాట అక్కడ చేర్చబడెను. అదే అధికరణము చివర ‘సోదరభావము’ మాత్రము అట్లే నిలిచిపోయినది!

దేవుని నామమును గూర్చియు వాదము వచ్చెను. మనుష్యులు దేవుని స్వరూపమందు సృజింపబడిరని చేర్చవలెనని బ్రెజిల్ దేశమువారు కోరిరి. మానవజాతిలో గొప్ప భాగమైన తన ప్రజల ఆదర్శములు క్రైస్తవ దేశముల ఆదర్శములవంటివి కావని చైనా ప్రతినిధి పి. సి. చాంగ్ మనవి చేయగా, బ్రెజిల్‌వారు తమ కోరికను విరమించుకొనిరి. నావంటి సంఘకాపరికి ఇది కొంత వెలితిగానే తోచును. అయినను చాంగ్‌గారి మాటలో న్యాయమున్నది. తనకు తెలియని దేవుని పేరిట చేవ్రాలు చేయుమని పొరుగువానిని బలవంతపెట్టుట సాక్ష్యము కానేరదు.

ఓట్లు లెక్కింపగా అనుకూలముగా 48, ప్రతికూలముగా ఒక్కటియు లేదు. ఎనిమిది దేశములు తటస్థముగా నుండెను. వానిలో దక్షిణాఫ్రికా ఒకటి. జాతులను వేరుపరచు విధానమును చేపట్టిన పక్షము ఆ సంవత్సరమే అక్కడ అధికారమునకు వచ్చియుండెను. దాని ప్రధానమంత్రి డి. ఎఫ్. మలాన్, రాజకీయములలో ప్రవేశింపకమునుపు సంఘకాపరి.